వెళ్ళిపోయి ఉంటే బాగుండేదన్న లెక్క ఎక్కడ తప్పుతోంది

కనుమ దాటిన రెండు మూడు రోజులు ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్ కిటకిటలాడిపోతుంది. హైదరాబాద్ వైపు వెళ్ళేవాళ్ళ సామాను మధ్య అరిసెల డబ్బాలు, ఊరగాయ సీసాలు, గోనెసంచిలో కొబ్బరికాయలు. బండి కదిలే ముందు ప్లాట్‌ఫారం మీద వినపడే మాటలు ఏ ఏడైనా ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి. "నీకేటిరా, ఒకటో తారీఖు వచ్చేసరికి జీతం పడిపోద్ది" అంటాడు దిగబెట్టడానికి వచ్చిన అన్న. "నీకేటన్నయ్యా, అమ్మ చేతి అన్నం తిని సొంతింట్లో పడుకుంటన్నావు" అంటాడు కిటికీ పక్కన కూర్చున్న తమ్ముడు. ఇద్దరూ మనస్ఫూర్తిగానే అంటారు. ఇద్దరి లెక్కలోనూ తేడా వచ్చేది మాత్రం ఒకే చోట.

దీన్ని అసూయ అనడం అన్యాయం. ఒకరి చెడు ఒకరు కోరుకోవడం లేదు కదా. కృతజ్ఞత లేకపోవడం అని తేల్చెయ్యడం ఇంకా అన్యాయం. ఇలాంటి సందర్భంలో పెద్దవాళ్ళు తడుముకోకుండా ఇచ్చే సలహా ఒకటుంది: ఉన్నదాంతో తృప్తి పడు అని. మంచి ఉద్దేశంతోనే చెబుతారు. కానీ ప్రతి ఊళ్ళోనూ వలస వెళ్ళిన ఇళ్ళున్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆ సలహా ఒక్కోసారి చాలా కటువుగా తగులుతుంది. అందుకే సలహా సంగతి కాసేపు పక్కనపెట్టి, మన మనసు ఈ లెక్క ఎలా వేస్తుందో, ఎక్కడ పొరబడుతుందో, ఎక్కడ సరిగ్గానే వేస్తోందో విడదీసి చూడాలని నాకనిపిస్తుంది.

1998లో డేనియల్ కానెమన్, డేవిడ్ ష్కేడ్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఒక అధ్యయనం ప్రచురించారు. అక్కడి మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో చలికాలం గడ్డకట్టించేస్తుంది. దక్షిణ కాలిఫోర్నియాలో ఏడాది పొడుగునా వాతావరణం హాయిగా ఉంటుంది. రెండుచోట్లా కాలేజీ విద్యార్థులను తీసుకున్నారు. కొందరిని తమ జీవితం మీద తమకెంత తృప్తి ఉందని అడిగారు. మరికొందరిని, తమలాంటి విద్యార్థే ఫలానా ప్రాంతంలో ఉంటే అతనికెంత తృప్తి ఉంటుందో ఊహించి చెప్పమన్నారు. ఎవరి సంగతి వాళ్ళు చెప్పుకున్నప్పుడు రెండు ప్రాంతాల తృప్తీ ఒకే స్థాయిలో తేలింది. ఊహించి చెప్పమన్నప్పుడు మాత్రం రెండు ప్రాంతాలవాళ్ళూ కాలిఫోర్నియా వాళ్ళకే ఎక్కువ మార్కులు వేశారు. ఆ కాలిఫోర్నియాలోనే ఉంటూ మామూలుగా బతుకుతున్నవాళ్ళు కూడా!

ఎందుకిలా జరుగుతుంది? దూరంగా ఉన్న జీవితం గురించి ఆలోచించగానే, రెండు జీవితాల మధ్య కొట్టొచ్చినట్టు కనిపించే తేడా ఒక్కటే కళ్ళ ముందుకొస్తుంది. అక్కడ ఎండ, ఇక్కడ మంచు. అక్కడ జీతం, ఇక్కడ అమ్మ. మిగతా ఇరవై మూడు గంటలూ ఎలా ఉంటాయన్న ప్రశ్నే మనసుకు రాదు. నిజంగా అక్కడ ఉంటున్న మనిషి మాత్రం రోజంతా వాతావరణం గురించి ఆలోచిస్తూ కూర్చోడు. రేపటి పరీక్ష, పన్నునొప్పి, ఇంటి ఓనరుతో గొడవ, ఇంకా రాని ఫోను, వీటి మధ్యే అతని రోజు గడుస్తుంది. ఆ అధ్యయనంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన సంగతి ఇదే. మనం పోల్చేది రెండు జీవితాలను కాదు. మన వైపు రోజు మొత్తాన్నీ, అవతలి వైపు ఒక ముక్కనీ పక్కపక్కన పెట్టి చూస్తాం.

ప్లాట్‌ఫారం మీది అన్నకు మియాపూర్ నుంచి ఆఫీసుకు వెళ్ళే దారిలో ట్రాఫిక్ కనపడదు. నీళ్ళ ట్యాంకరు రాని రోజు, ఏడాది తిరిగేసరికి పెరిగే అద్దె, జ్వరం వస్తే గ్లాసుడు మంచినీళ్ళు అందించే మనిషి లేని గది కనపడవు. తమ్ముడికి ఊరంటే మూడు రోజుల పండగే. భోగి మంట, గొబ్బెమ్మలు, చుట్టాలు. నాన్నకు గుండెనొప్పి వస్తే అర్ధరాత్రి కారు మాట్లాడుకుని వంద కిలోమీటర్ల అవతలున్న విశాఖ వైపు పరుగెత్తడం అన్న వంతు. ఊళ్ళో ప్రతి పెళ్ళికీ, ప్రతి చావుకీ ఇంటి తరఫున నిలబడేదీ అన్నే. అది పండగ మూడు రోజుల్లో బయటపడే సంగతి కాదు.

ఈ ఊళ్ళో ఏటుంది అని మనం పెదవి విరిచే విజయనగరమే ఒకప్పుడు మరొకరికి దూరపు కల. కృష్ణా జిల్లాలో 1922లో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు, సంగీతం నేర్చుకోవాలన్న పట్టుదలతో చేతి ఉంగరం అమ్ముకుని విజయనగరం వచ్చారు. 1919లో మొదలైన ఇక్కడి సంగీత కళాశాలకు అప్పటికే గొప్ప పేరు. తొలి అధ్యక్షుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ఆయన తర్వాత ఆ బాధ్యత తీసుకున్నది వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు. పల్లెటూరి కుర్రాడి ఊహలో మెరిసినవి ఇవన్నీ అయి ఉండాలి. వచ్చాక ఎదురైన రోజు వేరు. కడుపు నింపుకోవడానికి జోలె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తారు. పట్రాయని సీతారామశాస్త్రి చేరదీసి పాఠం చెప్పారు.

ఈ కథను కష్టపడితే ఫలితం దక్కుతుందని చెప్పడానికే ఎక్కువగా వాడతారు. నాకు అందులో ఇంకోటి కనిపిస్తుంది. ఆయన కల అబద్ధం కాదు, మధ్యాహ్న భోజనం ఎక్కడ అన్న లెక్క మాత్రం అందులో లేదు. అయినా ఆ కల నిలిచింది. ఎందుకంటే ఆయనకు కావలసింది విజయనగరం వైభవం కాదు, గురువు దగ్గర కూర్చుని నేర్చుకునే పాఠం. ఆకలి ఎదురైనప్పుడు వైభవం మీది మోజు అయితే కరిగిపోయేది. పాఠం మీది ఆశ కరగలేదు. మనకున్న కోరికల్లో ఏది ఏ రకమో తెలుసుకోవడానికి ఇంతకన్నా గట్టి పరీక్ష నాకు తెలీదు.

ఇక రెండో చిక్కు, అలవాటు పడడం. కొత్త ఇల్లు, కొత్త ఉద్యోగం, కొత్త ఊరు తెచ్చే సంతోషం కొన్నాళ్ళకు పలచబడుతుంది. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ 1978 నాటి ఫిలిప్ బ్రిక్‌మన్ బృందం అధ్యయనం. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో లాటరీ గెలిచిన 22 మందినీ, ప్రమాదాల్లో కాళ్ళో, కాళ్ళూ చేతులూ రెండూనో పడిపోయిన 29 మందినీ, మామూలు వాళ్ళు 22 మందినీ పోల్చారు. లాటరీ గెలిచినవాళ్ళు మామూలు వాళ్ళకన్నా చెప్పుకోదగ్గంత ఎక్కువ ఆనందంగా ఏమీ లేరు. పైగా స్నేహితుడితో కబుర్లు, టీవీ చూడడం లాంటి చిన్న చిన్న సుఖాలు వాళ్ళకు అంతగా రుచించడం లేదు.

ఇక్కడివరకు నిజమే. కానీ వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో దీన్ని సాగదీసి, డబ్బొచ్చినా ఒకటే, కాళ్ళు పోయినా ఒకటే అన్నట్టు చెప్పేస్తారు. అది తప్పు. ప్రమాదానికి గురైనవాళ్ళు మిగతా వాళ్ళకన్నా తక్కువ ఆనందంగానే ఉన్నట్టు ఆ అధ్యయనంలోనే ఉంది. పట్టుమని ముప్ఫై మంది లేని గుంపులతో ఇంత పెద్ద మాట తేల్చడం కూడా కుదరదు. 2020లో స్వీడన్ లాటరీ విజేతల మీద చాలా పెద్ద సంఖ్యతో వచ్చిన అధ్యయనంలో, పెద్ద మొత్తం గెలిచినవాళ్ళకు జీవితం మీద తృప్తి పెరిగి, పదేళ్ళు దాటాక కూడా అలాగే నిలిచిందని తేలింది. అప్పు తీర్చుకోగలగడం, రేపటి గురించి టెన్షన్ లేకుండా నిద్రపోగలగడం, వీటి విలువ అంత తేలిగ్గా అరిగిపోదు.

కాబట్టి అన్నిటికీ ఒకేలా అలవాటు పడతామనుకోకూడదు. పెద్ద ఫ్లాటుకు త్వరగానే అలవాటు పడతాం. రోజూ ప్రయాణానికి పోయే గంటలకు అలవాటు పడడం అంత తేలిక కాదు. జర్మనీలో ఏళ్ళ తరబడి సేకరించిన వివరాలను బ్రూనో ఫ్రే, అలోయిస్ స్టుట్జర్ పరిశీలిస్తే, పనికి వెళ్ళే ప్రయాణం ఎంత ఎక్కువైతే జీవితం మీద తృప్తి అంత తక్కువగా కనిపించింది. మంచి జీతమో మంచి ఇల్లో ఆ లోటును పూడ్చాలి కదా అని లెక్క చెబుతుంది. పూడ్చడం లేదు. పట్నం వెళ్ళాలా వద్దా అని ఆలోచించేటప్పుడు జీతం అంకె ఒక్కటే చూసి, ఇంటికీ ఆఫీసుకీ మధ్య దూరాన్ని చిన్న విషయంగా కొట్టిపారేసేవాళ్ళు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. శ్రీకాకుళంలో సైకిలు మీద పది నిమిషాల్లో షాపుకు చేరి, మధ్యాహ్నం ఇంటికొచ్చి వేడన్నం తినే మనిషికి, తన దగ్గర ఉన్నది ఎంత అరుదైన వసతో చెప్పేవాళ్ళు లేరు.

పోలిక సంగతి అందరికీ తెలిసిందే, క్లుప్తంగా చెబుతాను. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ దృశ్యాలను పరిశీలించినవాళ్ళకు, రజతం గెలిచినవాళ్ళకన్నా కాంస్యం గెలిచినవాళ్ళ ముఖాల్లో ఎక్కువ సంతోషం కనిపించింది. ఒకరి చూపు తప్పిపోయిన బంగారం మీద, ఇంకొకరి చూపు పతకమే రాకపోయే ప్రమాదం మీద. వాట్సాప్ స్టేటస్‌లు మన చూపును రోజంతా ఆ బంగారం మీదే నిలబెడతాయి.

అంతకన్నా లోతుగా పట్టి ఉంచేది, ఎంచుకోని దారి మీద బెంగ. 1990లలో థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ పశ్చాత్తాపాల మీద వరసగా పనిచేశారు. చేసిన తప్పు అప్పటికప్పుడు ఎక్కువ బాధిస్తుంది గానీ, ఏళ్ళు గడిచేకొద్దీ చెయ్యకుండా వదిలేసిన పనులే ఎక్కువగా వెంటాడతాయని వాళ్ళు గమనించారు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. చేసిన పని ఫలితం ఇదీ అని తేలిపోయింది, దానికో హద్దుంది. చెయ్యని పనికి హద్దు లేదు. అప్పుడు విశాఖలో ఇంజినీరింగ్ సీటు వదులుకోకపోయి ఉంటే అనుకునే మనిషి ఊహలో, ఆ ఇంజినీరు బతుకులో ఒక్క బ్యాక్‌లాగ్ ఉండదు, ఉద్యోగం ఊడదు, పిల్లాడికి డెంగీ రాదు. ఒక్క చెడ్డ రోజు కూడా లేని ఆ బతుకుతో, చెడ్డ రోజులన్నీ లెక్కలో ఉన్న మన బతుకు ఎలా నెగ్గుతుంది?

జ్ఞాపకం కూడా ఇలాగే చేస్తుంది. 1997లో టెరెన్స్ మిచెల్ బృందం సెలవుల యాత్రలకు వెళ్ళినవాళ్ళను ముందు, మధ్యలో, తర్వాత అడిగి చూసింది. వెళ్ళక ముందూ, వచ్చిన తర్వాతా గొప్పగా అనిపించిన యాత్ర, జరుగుతున్నప్పుడు అంత గొప్పగా లేదు. వానలు, అలసట, చిరాకు మనసులోంచి త్వరగా చెరిగిపోతాయి. మా ఊరి రోజులే వేరు అని హైదరాబాద్ అపార్ట్‌మెంటులో నిట్టూర్చే మనిషికి గుర్తున్న ఊరు, ఇలా చెరిపి మిగుల్చుకున్న ఊరు.

ఇంతవరకు చదివినవాళ్ళు, అయితే ఎక్కడున్నా ఒకటే కదా, ఉన్నచోటే ఉండిపోవచ్చు కదా అనుకోవచ్చు. అక్కడే నేను గట్టిగా ఆగుతాను. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల ఉద్దానం సంగతి చూడండి. బయటినుంచి వచ్చినవాళ్ళకు కొబ్బరి, జీడి, పనస తోటల పచ్చదనం తప్ప ఇంకేమీ కనపడదు. ఇక్కడే హాయిగా బతకొచ్చు అనేస్తారు. ఆ తోటల కిందనే ఏళ్ళ తరబడి కిడ్నీ జబ్బు ఇంటింటినీ పీల్చేసింది. దానికి ఫలానా అని ఒకే కారణం ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలైంది 2023 డిసెంబరులో. అంతకుముందు డయాలసిస్ కోసం దూరాలు వెళ్ళిన మనిషితో ఉన్నదాంతో తృప్తిపడు అనడానికి నోరెలా వస్తుంది?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తరాల నాటి తోటలు గంటల్లో నేలకొరిగాయి. కొత్త కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. తుపానుకు ముందటి తోటను తలుచుకుని ఏడ్చిన రైతు గతాన్ని అందంగా ఊహించుకోవడం లేదు. పోయింది నిజంగానే పోయింది. అదే ఏడాది నవంబరులో, గుజరాత్ వెరావల్ నుంచి వేటకు వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ చేతికి చిక్కారు. విడుదలై వాఘా సరిహద్దు దాటేసరికి 2020 జనవరి అయింది. సుమారు 190 కిలోమీటర్ల తీరమున్న శ్రీకాకుళం జిల్లా మనుషులు అంత దూరం ఎందుకు వెళ్ళారు? పెద్ద బోట్లు నిలిపే హార్బరు సొంత తీరంలో లేక. మన ఊళ్ళోనే జెట్టీ ఉంటే బాగుండును అన్న వాళ్ళ కోరికలో ఊహాలోకమేమీ లేదు. అది న్యాయమైన డిమాండు.

ఆర్థికవేత్త అమర్త్య సేన్ ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చిన మాట ఇక్కడ అవసరం. చాలాకాలం లేమిలో బతికినవాళ్ళు తట్టుకోవడం కోసం తమ కోరికలనే కుదించుకుంటారు, అందువల్ల వాళ్ళు తృప్తిగా ఉన్నామని చెప్పినంత మాత్రాన అన్యాయం లేదనుకోకూడదని ఆయన వాదన. తృప్తి అనే మాటను ఎవరు ఎవరికి చెబుతున్నారన్నది చూడాలి. మనకు మనం చెప్పుకుంటే అది ఊరట. కడుపు నిండినవాడు నిండనివాడికి చెబితే నోరు మూయించడం.

మరి మన కోరికలో మోజెంతో, అవసరమెంతో ఎలా తేల్చుకోవాలి? నేను నమ్మే పద్ధతి ఒకటుంది. కోరుకుంటున్న జీవితంలోని ఒక మామూలు బుధవారాన్ని నిద్ర లేచినప్పటి నుంచి పడుకునేదాకా రాయడం. పండగ రోజు కాదు, జీతం పడిన రోజు కాదు, బుధవారం.

మా అక్క కూతురు విజయనగరంలో ప్రైవేటు స్కూలు టీచరు. ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతుంది. డిగ్రీలో తనతో చదివిన స్నేహితురాలు బెంగళూరులో ఉంది. "నేనూ అప్పుడే వెళ్ళిపోవాల్సింది పిన్నీ" అని ఎప్పుడు కలిసినా అనేది. ఒకరోజు నా ఎదుటే స్నేహితురాలికి ఫోన్ చేయించి, నీ బుధవారం ఎలా ఉంటుందో చెప్పమని అడిగించాను. "నన్నెవరూ ఇది అడగలేదే" అని అవతలమ్మాయి కాసేపు ఆగి, ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెట్టింది. పీజీ హాస్టల్లో బాత్రూం కోసం వరస. పాలు కలిపిన ఓట్స్, అదీ నిలబడే. బస్సు, మెట్రో, మళ్ళీ ఆటో. మధ్యాహ్నం చల్లారిన డబ్బా. సాయంత్రం టీమ్ లీడరు పొగిడిన ఒక పని. రాత్రి పదకొండింటికి ఫోన్ చూస్తూ నిద్ర. మా అమ్మాయి పరీక్ష పేపరు వెనక్కి తిప్పి, ఎడమవైపు అవన్నీ రాసింది. కుడివైపు తనవి: స్కూలు బస్సు, ఆరు పీరియడ్లు, స్టాఫ్‌రూంలో అటుకుల ఉప్మా పంచుకోవడం, కోట జంక్షన్ దగ్గర కూరగాయలు, రాత్రి అత్తగారితో సీరియల్.

రాసిన తర్వాత ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వచ్చింది. మాల్స్, చల్లటి వాతావరణం, వీకెండ్ ట్రిప్పులు, ఇవి బుధవారంలో లేనే లేవు. చివరికి ఎడమవైపు మిగిలింది ఒక్కటే, సాయంత్రం ఎవరో ఆ పనిని గుర్తించి మెచ్చుకున్న మాట. తన వైపు అలాంటిది లేదు. జీతం తక్కువ, అదే పాఠం, బాగా చెప్పినా చెప్పకపోయినా అడిగేవాళ్ళు లేరు. అంటే తనకు లోటు బెంగళూరు కాదు, పనిలో ఎదుగుదల. ఆ లోటు నిజమైనదే. బెంగళూరు వెళితే తీరవచ్చు, విజయనగరంలోనే తీరవచ్చు. ఇప్పుడు డీఎస్సీకి చదువుతోంది.

ఇంకో పద్ధతి, మన వైపు ఉన్నదాన్ని చూడడానికి. 2008లో మింక్యుంగ్ కూ, తిమోతీ విల్సన్ తదితరులు కొందరు దంపతుల చేత తాము ఎలా కలిశామో రాయించారు. మరికొందరి చేత, తాము కలవకుండానే పోయే అవకాశం ఎలా ఉండేదో రాయించారు. రెండోది రాసినవాళ్ళకే తమ బంధం మీద ఎక్కువ తృప్తి కలిగింది. చేసి చూడండి. సంబంధం తెచ్చిన పెద్దాయనకు ఆ రోజు పార్వతీపురం బస్సు తప్పిపోయి ఉంటే? పెళ్ళిచూపులనాడు వంశధార పొంగి రోడ్డు మూసేసి ఉంటే? రోజూ ఎదురుగా కూర్చుని కాఫీ తాగే మనిషి ముఖం అప్పుడు వేరేగా కనపడుతుంది. రోజుకు మూడు మంచి విషయాలు రాసుకోవడం లాంటి అలవాట్లు కూడా పనిచేస్తాయంటారు గానీ, మొక్కుబడిగా రాస్తే వాటి ప్రభావం కొద్దిపాటిదే. లేకపోయి ఉంటే అన్న ఊహ అంతకన్నా లోపలికి వెళుతుందని నా నమ్మకం, ఎందుకంటే అందులో కాస్త భయం కూడా కలిసి ఉంటుంది.

ఈ రెండు పనులూ ఏ ఒక్కరినీ ఊళ్ళోనే ఉండిపొమ్మనవు, వెళ్ళిపొమ్మనవు. బుధవారం రాసి చూశాక కూడా వెళ్ళాలనిపించినవాళ్ళు వెళ్ళాలి. తిరిగి రావాలనిపించినవాళ్ళు రావాలి. వచ్చేముందు మాత్రం అమ్మానాన్నలకు వైద్యం ఎక్కడ, పిల్లల చదువు ఎక్కడ, తన సంపాదన ఏమిటి అన్న మూడింటికీ సమాధానం కాగితం మీద ఉండాలి. ఉండిపోయేవాళ్ళకూ ఒక పని ఉంటుంది: కొట్టేయడానికి వీల్లేకుండా మిగిలిన ఆ ఒక్క లోటును ఇంట్లోవాళ్ళ ముందు పెట్టి, దానికోసం ఈ ఏడు ఏం చెయ్యగలమో అడగడం.